మాంటిస్సోరి మొదటి పిల్లలు

ఎడిసన్‌లో అయినా, ఫ్రీమాంట్‌లో అయినా, ఇర్వింగ్‌లో అయినా మనవాళ్ళు ఇల్లు కొనేముందు స్కూళ్ళ రేటింగు చూస్తారు. పిల్లలు మరీ చిన్నవాళ్ళయితే దగ్గరలో మంచి మాంటిస్సోరి ఉందా అని అడుగుతారు. హైదరాబాదులోనూ, విజయవాడలోనూ కూడా ఆ పేరున్న బోర్డులకి కొదవ లేదు. అది ఒక మనిషి పేరని, ఆవిడ డాక్టరని, మన మద్రాసు అడయారులో కొన్నేళ్ళు ఉన్నారని నాకు 34 ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. తెలుసుకోవలసిన అవసరం మా చిన్నవాడి వల్ల వచ్చింది.

ముందు మా సంగతి కొంచెం చెప్పి, తరవాత ఆవిడ కథలోకి వెళతాను.

వాడికి 18 నెలలప్పుడు పిల్లల డాక్టరు ఆఫీసులో ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. పేరు పెట్టి పిలిస్తే చూస్తాడా, కావలసినదాన్ని వేలితో చూపిస్తాడా, ఇలాంటి ప్రశ్నలు. చాలావాటికి నిజమైన జవాబు లేదు అనే. నేను మాత్రం అన్నిటికీ అవును అని టిక్కు పెట్టాను. ఎప్పుడో ఒకసారి చూశాడు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండేళ్ళకి డాక్టరే గమనించి, ఆలస్యం చెయ్యకుండా పరీక్ష చేయించమన్నారు. మేము పరీక్షకి బదులు ఇండియా వెళ్ళాము. మా అత్తయ్యగారు వస కొమ్ము తేనెలో అరగదీసి వాడి నాలిక మీద రాశారు. మావారికి కూడా మూడేళ్ళదాకా మాట రాలేదని ధైర్యం చెప్పారు. ఆవిడ ప్రేమతో చెప్పిన మాట అది. దాన్ని పట్టుకుని ఆరు నెలలు కూర్చోవడం మాత్రం మా తప్పే.

రెండున్నర ఏళ్ళకి మాంటిస్సోరి పేరున్న ఒక ప్రీస్కూల్లో చేర్పించాము. నలుగురు పిల్లల మధ్య ఉంటే మాటలు అవే వస్తాయని ఆశ. మూడు వారాలకి నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి, మీవాడు ఇంకా ఈ వాతావరణానికి సిద్ధంగా లేడని, ఇంకోచోటు చూసుకోమని చాలా మర్యాదగా చెప్పారు. వాళ్ళ వెనక గోడమీద తెల్లజుట్టు పెద్దావిడ ఫొటో ఉంది, పక్కన ఒక చిన్నపిల్ల. వాణ్ణి కారు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెడుతుంటే నాకు ఎవరిమీద కోపం రావాలో తెలియక ఆ ఫొటోలోని పెద్దావిడ మీద వచ్చింది.

చివరికి మా రాష్ట్రపు ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి ఫోను చేసి, పరీక్షలన్నీ అయ్యేసరికి వాడికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. ఆ సేవ మూడేళ్ళు నిండేవరకే. అంటే మాకు మిగిలింది నాలుగు నెలలు. ఇంటికి వచ్చిన థెరపిస్టు ఒకరోజు సంచీలోంచి ఒక చెక్కదిమ్మ తీశారు. దానికి గుంటలు, ఆ గుంటల్లో సరిగ్గా ఇమిడే చిన్నా పెద్దా చెక్కముక్కలు. ఆ ప్రీస్కూలు అలమారలో ఇలాంటిదే చూశానని అన్నాను. ఇలాంటి వస్తువులు మొదట తయారైంది మీవాడిలాంటి పిల్లలకోసమే, మామూలు పిల్లల బడికి తరవాత చేరాయి అని ఆవిడ చెప్పారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ రాత్రే మరియా మాంటిస్సోరి గురించి చదవడం మొదలుపెట్టాను.

ఇంజనీరు కాబోయి డాక్టరైన అమ్మాయి

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలో ఎంకోనా దగ్గర కియరవల్లె అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి, పాతకాలపు మనిషి. తల్లి రెనిల్డే బాగా చదువుకున్నది, కూతురు ఏది చదువుతానంటే దానికి వెనక నిలబడింది. మరియా చిన్నతనంలోనే వాళ్ళు రోముకి మారారు. 13 ఏళ్ళకి ఆ అమ్మాయి మగపిల్లలు చదివే టెక్నికల్ స్కూల్లో చేరింది. లెక్కలంటే ఇష్టం, ఇంజనీరు కావాలని కోరిక. ఆడపిల్లకి టీచరు ఉద్యోగం చాలదా అని తండ్రి. ఇంకేదైనా సరే, టీచరు మాత్రం కానని కూతురు. ఈ వాదన మన ఇళ్ళలోనూ విన్నదే.

తరవాత మనసు మార్చుకుని వైద్యంలో చేరారు. శవాలను కోసే పాఠం మగవిద్యార్థుల పక్కన నిలబడి ఒక అమ్మాయి నేర్చుకోవడం ఆ రోజుల్లో సభ్యత కాదు. అందుకని అందరూ వెళ్ళిపోయాక ఒంటరిగా ఆ గదిలో చదువుకునేవారు. 1896లో పట్టా వచ్చింది. ఇటలీలో డాక్టరు పట్టా పుచ్చుకున్న తొలితరం స్త్రీలలో ఆవిడ ఒకరు. అదే ఏడు బెర్లినులో జరిగిన మహిళల మహాసభకి వెళ్ళి, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ సమాన వేతనం ఉండాలని మాట్లాడి వచ్చారు.

పిచ్చాసుపత్రిలో పిల్లలు

రోము యూనివర్సిటీ మానసిక వైద్యశాలలో పనిచేస్తూ, రోగులను ఎంచుకోవడానికి ఆవిడ ఊళ్ళోని పిచ్చాసుపత్రులకి వెళ్ళేవారు. అక్కడ మతిచలించిన పెద్దవాళ్ళతో కలిపి చిన్నపిల్లలను కూడా ఉంచేవారు. వాళ్ళది పిచ్చి కాదు. మాటా, నడకా, బుద్ధీ ఆలస్యమైన పిల్లలు. ఇడియట్ అన్నది ఇవాళ తిట్టు గాని, అప్పట్లో ఆ పిల్లలకి డాక్టర్లు కాగితం మీద రాసే మాటే అది.

ఆవిడ జీవితచరిత్రల్లో తరచుగా కనిపించే సంఘటన ఒకటి ఉంది. ఒక ఆసుపత్రిలో ఇలాంటి పిల్లలను ఖాళీగదిలో పెట్టారు. తిండి అయిపోగానే వాళ్ళు నేలమీద పడి రొట్టెముక్కలు ఏరుకుంటారని, ఎంత పెట్టినా ఆశ తీరదని అక్కడి ఆయా అసహ్యంగా చెప్పిందట. మాంటిస్సోరి గది నలుమూలలా చూశారు. ఆ గదిలో పిల్లల చేతికి అందే వస్తువు ఒక్కటీ లేదు, ఆడుకోవడానికి గాని పట్టుకోవడానికి గాని. ఆ ముక్కలు వాళ్ళకి తిండి మాత్రమే కాదు, ఆ చేతులకి దొరికిన ఒకే ఒక్క పని అని ఆవిడకి తోచింది. ఈ పిల్లలకి కావలసింది మందుకన్నా ముందు చదువు అన్న ఆలోచనకి ఇలాంటి అనుభవాలే దారి తీశాయి.

ఆవిడ కంటే ముందు ఈ దారిలో నడిచినవాళ్ళు ఉన్నారేమోనని వెతికితే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు దొరికారు. మొదటివాడు ఇటార్. 1800లో దక్షిణ ఫ్రాన్సు అడవుల్లోంచి పట్టుకొచ్చిన, మాటరాని ఒక కుర్రవాడికి విక్టర్ అని పేరు పెట్టి, కొన్నేళ్ళపాటు ఓపికగా చదువు చెప్పాడు. విక్టర్‌కి మాట దాదాపుగా రాలేదు. కాని చూడటం, పోల్చడం, కొన్ని రాసిన మాటలను గుర్తుపట్టడం వచ్చాయి. రెండోవాడు ఇటార్ శిష్యుడు ఎడ్వార్ సెగాన్. పారిస్ ఆసుపత్రుల్లో వదిలేసిన పిల్లలకి ముందు కండరాలు, తరవాత ఇంద్రియాలు, ఆ తరవాతే ఆలోచన అనే వరసలో నేర్పవచ్చని చేసి చూపించాడు. ఈ సెగాన్ 1850 ప్రాంతంలో మనం ఉంటున్న ఈ దేశానికే వచ్చేశాడు. ఆయన ఇంగ్లీషు పుస్తకం 1866లో న్యూయార్కులో అచ్చయింది. 1880లో పోయింది కూడా ఈ దేశంలోనే. మాంటిస్సోరి వీళ్ళిద్దరి రచనలను ఇటాలియనులోకి మార్చి, మొదటినుంచి చివరిదాకా తన చేత్తో రాసుకున్నారు. అలా రాస్తే ఒక్కొక్క మాట బరువూ తెలుస్తుందని ఆవిడ నమ్మకం.

1900లో రోములో ఇలాంటి పిల్లలకి చదువు చెప్పే టీచర్లకోసం ఒక శిక్షణాలయం తెరిచారు. డాక్టర్ జుసెప్పె మొంటెసానోతో కలిసి దాన్ని నడపడం మాంటిస్సోరి పని. శిక్షణకోసం 22 మంది పిల్లలతో ఒక తరగతి పెట్టారు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఏడుదాకా వాళ్ళతోనే. రాత్రుళ్ళు ఆరోజు చూసినదంతా రాసుకోవడం, వస్తువులు మార్చి మళ్ళీ చెయ్యడం. టీచరు కానని పట్టుబట్టిన అమ్మాయి చివరికి చేసింది ఈ పని.

అప్పటి సంగతి ఒకటి ఆవిడ పుస్తకంలోనే ఉంది. 11 ఏళ్ళ అమ్మాయి, చేతుల్లో బలం ఉంది, కాని కుట్టు పని ఎంత నేర్పినా రావడం లేదు. సూది గుడ్డలోకి దింపి పైకి తియ్యడం అర్థం కావడం లేదు. మాంటిస్సోరి కుట్టు ఆపేసి, కాగితపు పట్టీలను ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి దూర్చి చాప అల్లడం నేర్పారు. అది బాగా పట్టుబడ్డాక మళ్ళీ సూది ఇస్తే ఆ పిల్ల కుట్టేసింది. చెయ్యవలసిన పనిని పదే పదే చేయించడం కాదు, ఆ పనికి కావలసిన కదలికను ఇంకో తేలిక పనిలో ముందే అలవాటు చెయ్యాలి, ఇదీ ఆవిడ నేర్చుకున్నది. అక్షరాలు కూడా అంతే. పెద్ద చెక్క అక్షరాలు చేయించి, వేళ్ళతో వాటి వంపులు తడిమించారు. పెన్సిలు పట్టకముందే చేతికి అక్షరం తెలిసిపోయేది.

మా ఇంటికి వచ్చిన థెరపిస్టు చేసినది కూడా ఇదేనని ఇక్కడికి వచ్చాక అర్థమయింది. మావాడికి చెంచా పట్టడం వచ్చేది కాదు. ఆవిడ చెంచా మాట ఎత్తకుండా, మా వంటింట్లోంచి కందిపప్పు తెప్పించి, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోయించేవారు. పప్పంతా కార్పెట్ మీద పడేది. ఇది ఆటా, వైద్యమా అని నేను విసుక్కున్నాను. ఆరు వారాలకి వాడు చెంచాతో పెరుగన్నం తిన్నాడు.

ఆ రోము పిల్లల్లో కొందరు చదవడం, రాయడం నేర్చుకుని, మామూలు బడిపిల్లలతోపాటు పరీక్ష రాసి పాసయ్యారు. ఊరంతా అద్భుతమంది. మాంటిస్సోరికి మాత్రం వేరే ప్రశ్న వచ్చింది. పిచ్చాసుపత్రి పిల్లలు వీళ్ళతో సమానంగా రాశారంటే, మామూలు పిల్లలను మన బడులు ఎంత కిందికి లాగుతున్నాయి అని.

ఇక్కడ ఒక మాట. ఇది ఆవిడ చెప్పుకున్న ఫలితం. అందరూ పాసవలేదు, కొందరే. ఈ కథ చదివి మన పిల్లలకీ ఇలాగే అవుతుందని ఆశపడితే మనకే కష్టం. నేను ఆ ఆశతోనే మొదలుపెట్టాను కాబట్టి చెబుతున్నాను.

దాచుకున్న కొడుకు

ఈ పిల్లలకోసం సభల్లో మాట్లాడుతూ ఊరూరా తిరుగుతున్న రోజుల్లోనే, 1898 మార్చి 31న, మాంటిస్సోరికి ఒక కొడుకు పుట్టాడు. పేరు మారియో. తండ్రి మొంటెసానో. వాళ్ళకి పెళ్ళి కాలేదు. ఈ సంగతి బయటపడితే ఆవిడ వృత్తి అక్కడితో ఆఖరు. పిల్లవాణ్ణి రోముకి దూరంగా పల్లెలో పెంచడానికి ఇచ్చేశారు. ఆవిడ అప్పుడప్పుడు వెళ్ళి చూసివచ్చేవారు గాని, తల్లినని చెప్పలేదు. 1901లో మొంటెసానో ఇంకొకరిని పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడే ఆవిడ ఆ శిక్షణాలయాన్ని, ఆ 22 మంది పిల్లల తరగతిని వదిలి మళ్ళీ యూనివర్సిటీలో చదువుకోవడానికి వెళ్ళిపోయారు. మారియో తల్లి దగ్గరికి వచ్చేసరికి 15 ఏళ్ళవాడు. అప్పుడు కూడా చాలాకాలం అందరికీ మేనల్లుడనో, పెంచుకున్నవాడనో చెప్పేవారు.

ఇది చదివి నేను ఆ రాత్రి పుస్తకం మూసేశాను. ఎవరి పిల్లలకోసమో పగలూ రాత్రీ పనిచేసిన మనిషి, నలుగురు ఏమంటారో అన్న భయంతో సొంత కొడుకుని దాచింది. ఆవిడ కాలం అలాంటిది, తీర్పు చెప్పడానికి నేనెవర్ని? కాని ఆ ఏడాది మన అసోసియేషన్ దీపావళికి మేము పెద్దవాణ్ణి తీసుకెళ్ళి, చిన్నవాణ్ణి బేబీసిట్టర్ దగ్గర వదిలాము. వాడికి జలుబని చెప్పాము. వాడికి జలుబు లేదు.

పేరు పెరిగిన దారి

తరవాతి కథ చాలామందికి తెలిసినదే కనుక త్వరగా చెబుతాను. 1907 జనవరి 6న రోములో సాన్ లొరెంజో అనే పేదల పేటలో, పనులకి పోయే తల్లిదండ్రుల పిల్లలకోసం ఆవిడ ఒక గది తెరిచారు. దానికి పిల్లల ఇల్లు అని పేరు. శిక్షణాలయంలోని ఆ వస్తువులే ఈసారి మామూలు పిల్లలకి ఇచ్చారు. ఎవరూ బలవంతపెట్టకుండానే వాళ్ళు గంటలకొద్దీ వాటిలో మునిగిపోయారు, నాలుగైదేళ్ళకే రాయడం మొదలుపెట్టారు. ఆవిడ పుస్తకం 1909లో వచ్చింది, 1912లో ఇంగ్లీషులోకి మారింది. 1913లో అమెరికా వచ్చినప్పుడు టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్, ఆయన భార్య మేబెల్ ఆవిడకి అండగా నిలిచారు. ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం ఇచ్చిన సాయాన్ని ఆవిడ కొన్నేళ్ళు పుచ్చుకున్నారు. జీవితచరిత్రకారులు దీన్ని ఒక మచ్చగానే రాస్తారు. 1934లో ఆ ప్రభుత్వంతో చెడి ఇటలీ వదిలారు. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం వచ్చి బార్సిలోనా కూడా వదిలారు.

ఈ పెరుగుదలలో ఒక సంగతి చిన్నగా మరుగున పడింది. 1901 తరవాత ఆవిడ పని ఎక్కువగా మామూలు పిల్లలతోనే సాగింది. కాబట్టి ఆ పేరు నుంచి మావాడిలాంటి పిల్లలు విడిపోవడం మొన్న నన్ను పంపించేసిన ప్రీస్కూలుతో మొదలవలేదు. అది ఆవిడ బతికి ఉండగానే మొదలయింది.

1939లో దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి ఆహ్వానం మీద మాంటిస్సోరి, మారియో మద్రాసు అడయారు వచ్చారు. ఆవిడకి అప్పుడు 69 ఏళ్ళు. దేశం నలుమూలలనుంచీ సుమారు 300 మంది మొదటి శిక్షణకి చేరారు. ఆవిడ ఇటాలియనులో చెబితే మారియో ఇంగ్లీషులోకి మార్చేవాడు. 1940 జూనులో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిషు ప్రభుత్వం మారియోను అహ్మద్‌నగర్ నిర్బంధ శిబిరానికి పంపి, ఆవిడను అడయారు ఆవరణ దాటవద్దంది. ఆ ఆగస్టు 31న, ఆవిడ 70వ పుట్టినరోజు కానుకగా, మారియోను విడుదల చేస్తున్నట్టు వైస్రాయి తంతి పంపాడు. ఆ తంతిలో అతన్ని ఆవిడ కొడుకనే రాశారు. 42 ఏళ్ళు దాచిన మాట, పరాయి ప్రభుత్వం వాళ్ళ కాగితం మీద, మన మద్రాసులో బయటికి వచ్చింది. ఆ తరవాత తల్లీకొడుకులు కొడైకెనాల్లో కొన్నేళ్ళు పనిచేశారు. మన దేశంలో వెయ్యిమందికి పైగా టీచర్లు ఆవిడ దగ్గర తయారయ్యారు. 1952 మే 6న హాలండులో సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఆవిడ కన్నుమూశారు. 1990లో ఇటలీ వెయ్యి లీరాల నోటు మీద ఆవిడ బొమ్మ వేశారు.

ఇవాళ మన చేతిలో ఉన్నది

ఆవిడ కాలంలో ఈ పిల్లలకి చదువు ఒక డాక్టరు దయ మీద ఆధారపడింది. ఇవాళ అమెరికాలో అది చట్టం. ఎదుగుదలలో ఆలస్యమున్న బడి ఈడు పిల్లలకి 1975లో, పుట్టినప్పటినుంచి మూడేళ్ళలోపు పిల్లలకి 1986లో చట్టాలు వచ్చాయి. మూడేళ్ళలోపు అయితే రాష్ట్రపు ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి, మూడు దాటితే మీ ఊరి స్కూల్ డిస్ట్రిక్టుకి మీరే స్వయంగా అడగవచ్చు, డాక్టరు చీటీ అక్కర్లేదు. పరీక్ష చేసినందుకు డబ్బు తీసుకోరు. ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో మీరు అడిగిన రోజునుంచి 45 రోజుల్లో పరీక్ష చేసి ప్రణాళిక రాయాలి. మమ్మల్ని ఎవరూ వీసా గురించి అడగలేదు. ఇండియాలో ఉన్న మనవాళ్ళకి, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది. దాని ఇప్పటి పొట్టిపేరు నీపిడ్. చిన్నపిల్లల పరీక్ష, శిక్షణ అక్కడ దొరుకుతాయి.

మావాడికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. చిన్న చిన్న వాక్యాలు మాట్లాడతాడు. లెక్కలు రావు, పాటలు వస్తాయి. ఆ 18 నెలల కాగితం మీద నేను నిజం రాసి ఉంటే వాడికి నాలుగు నెలలు కాక సంవత్సరం పైగా సాయం అందేది. అప్పుడు ఎలా ఉండేవాడో ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్న నాతోనే ఉండిపోతుంది.

పోయిన ఉగాదికి వాణ్ణి కూడా తీసుకొచ్చాము. పచ్చడి గిన్నెలు ట్రేలో పెట్టి, వరసలో కూర్చున్నవాళ్ళకి ఒక్కొక్కటీ ఇచ్చే పని వాడికి అప్పజెప్పాము. చాలా మెల్లగా నడిచాడు. ఒకావిడకి రెండు ఇచ్చాడు, ఒకాయనకి ఇవ్వడం మరిచాడు. ఒక్క గిన్నె కూడా ఒలకలేదు.

కార్యక్రమం అయ్యాక పార్కింగ్ లాట్లో ఒకమ్మాయి నా వెనకే వచ్చింది. చంకలో రెండేళ్ళ పాప. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, అక్కా, మీరు ఏ నంబరుకి ఫోను చేశారు అని అడిగింది. కారు బానెట్ మీద కాగితం పెట్టి రాసిచ్చాను.